వంకర చెట్టుదా, చూపుదా: రేడియేటా పైన్ సంతతి పరీక్ష డైరీ

నవంబరు 4

ఈ రోజు నుంచి మార్చి చివరి వరకు నా పని న్యూజీలాండ్ ఉత్తర ద్వీపంలో, రొటోరువా పట్టణానికి ఆగ్నేయంగా ఉన్న కాయింగరోవా పీఠభూమి అంచున, ఎనిమిదేళ్ల క్రితం నాటిన ఒక సంతతి పరీక్ష తోటలో సాగుతుంది. ఇందులో 80 తల్లి చెట్ల విత్తనాల నుంచి వచ్చిన రేడియేటా పైన్ మొక్కలు ఉన్నాయి. ఒక తల్లి పిల్లలన్నిటినీ కలిపి ఒక కుటుంబం అంటాము. స్థలాన్ని 30 బ్లాకులుగా విభజించి, ప్రతి బ్లాకులో ప్రతి కుటుంబం నుంచి ఒక్క మొక్కను మాత్రమే, చీటీలు తీసినట్టు వరుస కలిపేసి నాటారు. అంటే నాటిననాడు 2,400 మొక్కలు. విత్తనాలు గాలి తెచ్చిన పుప్పొడితో పట్టినవి కాబట్టి తండ్రులెవరో తెలియదు. ఒక కుటుంబంలోని చెట్లు తల్లి ఒక్కటే, తండ్రులు చాలావరకు వేరైన తోబుట్టువులు.

చేయవలసిన పని చెప్పుకోవడానికి చిన్నదే. ప్రతి చెట్టు లావు కొలవాలి. కాండం ఎంత నిటారుగా ఉందో, కొమ్మలు ఎలా వచ్చాయో, తల ఎక్కడైనా చీలిందో చూసి మార్కులు వేయాలి. ఆ తరువాత, ఈ గుణాలలో చెట్టుకూ చెట్టుకూ కనిపించే తేడాలో ఎంత భాగం పుట్టుకతో వచ్చిందో, ఎంత భాగం నేల, గాలి, మంచు ఇచ్చిందో తేల్చాలి. పుట్టుకతో వచ్చిన ఆ భాగాన్ని అనువంశికత అంటారు. అది 0కు, 1కి మధ్య ఉండే సంఖ్య. ఏ చెట్లను తరువాతి తరానికి తల్లిదండ్రులుగా ఉంచుకోవాలన్నది చివరికి ఆ సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది.

రేడియేటా ఈ దేశపు చెట్టు కాదు. కాలిఫోర్నియా తీరంలో అన్యో నువెవో, మాంటెరే, కాంబ్రియా అనే మూడు చోట్ల, మెక్సికోకు చెందిన గ్వాడలూపే, సెడ్రోస్ దీవులలో మాత్రమే అది సహజంగా పెరుగుతుంది. అలా ఒక మూలన పడి ఉన్న చెట్టు ఇక్కడికి వచ్చి, దేశంలో నాటిన అడవుల్లో దాదాపు తొంభై శాతాన్ని ఆక్రమించింది. మన ప్రాచీనులు హిమాలయాల పైన్‌ను సరళ వృక్షమన్నారు. సరళమంటే నిటారైనదని కదా అర్థం. రేడియేటా ఆ పేరుకు పుట్టుకతో తగినది కాదు. విడిచిపెడితే వంకర తిరుగుతుంది, లావు కొమ్మలు వేస్తుంది, రెండు మూడు తలలు ఎత్తుతుంది. 1950ల తొలినాళ్లలో ఇక్కడ ప్రజనన కార్యక్రమం మొదలుపెట్టినవారు పాత తోటలన్నీ గాలించి, వేలలో ఒకటిగా నిలిచిన లావైన, నిటారైన చెట్లను ఎంచి, వాటి కొమ్మలతో అంట్లు కట్టి విత్తన తోటలు వేశారు. 850 అనే సంఖ్యతో గుర్తించే ఆ శ్రేణి చెట్ల వంశం ఈనాటి తోటల్లోనూ నడుస్తోంది. 1980లలో విత్తనాల సంచి మీద జి.ఎఫ్. అనే రేటింగు వేయడం మొదలైంది. ఆ రెండక్షరాలకు అర్థం ఎదుగుదల, రూపం.

నవంబరు 12

మొదటి వారం లావు కొలతతో గడిచింది. ఇక్కడ వ్యాసాన్ని నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో కొలుస్తారు. మన దేశంలో ఆ ఎత్తు 1.37 మీటర్లు. మూడు సెంటీమీటర్ల తేడాకు కొంపలేమీ మునగవు కాని, వాలు నేలలో ఎగువ వైపు నిలబడాలన్న నియమం మరిచిపోతే మాత్రం ఒకే చెట్టు రెండు లావులు చూపిస్తుంది. టేపును కాండం చుట్టూ తిప్పుతాము. దాని మీద గీతలు 3.1416 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి కాబట్టి చుట్టుకొలత బదులు నేరుగా వ్యాసమే చదవవచ్చు. సరిగ్గా 1.4 మీటర్ల దగ్గర కొమ్మల చుట్టు వస్తే అక్కడ కాండం ఉబ్బి ఉంటుంది. అప్పుడు ఉబ్బుకు పైన ఒకసారి, కింద అంతే దూరంలో ఒకసారి కొలిచి సగటు రాస్తాము.

లావు కొలవడంలో వాదానికి తావులేదు. టేపు 218 అంటే 218. ఇద్దరం కొలిచినా ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా దాటదు. నిటారుతనం అలాంటిది కాదు. దానికి టేపు లేదు. 1 నుంచి 9 వరకు మార్కులు. 1 అంటే పాములా మెలికలు తిరిగినది, 9 అంటే తూకపు దారం వేలాడదీసినట్టున్నది. చెట్టుకు ఒక వైపు నిలబడి చూసి, పావు చుట్టు తిరిగి మరో వైపు నుంచి చూసి, రెండిటిలో కనిపించిన వంకర మొత్తాన్ని మనసులో కలుపుకుని ఒక అంకె చెప్పాలి. తల చీలికకు ఇందులో మార్కు తగ్గించకూడదు, దానికి వేరే వరుస ఉంది. కొమ్మల అలవాటుకు ఇంకో వరుస: ఏడాదికి ఒకే చుట్టు కొమ్మలు వేసి, మధ్య పొడవైన నున్నటి కాండం వదిలే చెట్టుకు 1, ఏడాదిలో అనేక చుట్లు వేసి సన్నటి కొమ్మలు దగ్గర దగ్గరగా పెట్టేదానికి 9.

నాతో మార్కులు వేసే పెద్దాయన ఈ పనిలో పండిపోయిన మనిషి. ఆయన మొదటి రోజే చెప్పిన మాట డైరీలో రాసుకున్నాను: మొదలు చూసి మార్కు వేయవద్దు, మొత్తం చూసి వేయాలి. చిన్నతనంలో ఈదురుగాలికి ఒరిగిపోయి, మళ్లీ లేచి నిలబడిన మొక్కకు మొదట్లో కొడవలి వంపు ఉండిపోతుంది. పైన ఆరు మీటర్లు గీత గీసినట్టు ఉన్నా, మన కన్ను మాత్రం ఎదురుగా ఉన్న ఆ వంపు దగ్గరే ఆగిపోతుంది.

నవంబరు 21

ఈ రోజు మా కళ్లకు పరీక్ష పెట్టుకున్నాము. పోయిన వారం నేను మార్కులు వేసిన బ్లాకులోకి పాత కాగితం చూడకుండా వెళ్లి, 60 చెట్లకు మళ్లీ నిటారుతనం మార్కులు వేశాను. 31 చెట్లకు అదే అంకె వచ్చింది. 23 చెట్లకు ఒక మెట్టు అటో ఇటో జరిగింది. 6 చెట్లకు రెండు మెట్లు తేడా. సిగ్గుపడవలసిన ఫలితం కాదని పెద్దాయన అన్నారు కాని, నాకు నచ్చని విషయం మరొకటి ఉంది: రెండు మెట్లు జరిగిన ఆరింటిలో ఐదు, మొదటిసారి మధ్యాహ్నం భోజనం తరువాత చూసినవి, అన్నీ పెద్ద మార్కు పడినవి. ఎండ పడమటికి తిరిగాక కాండం మీద నీడ ఒక పక్కకు చేరి, చిన్న వంకరలను కప్పేస్తుంది. అలసట కూడా తోడవుతుంది. అలసిన మనిషి దాతృత్వంతో 6 వేసి ముందుకు నడుస్తాడు.

దీని ప్రభావం ఎంతో కాగితం మీద వేసి చూశాను. చెట్టుకూ చెట్టుకూ ఉండే తేడాల కొలతను విస్తృతి అంటారు. నిటారుతనంలో పుట్టుకతో వచ్చే విస్తృతి 1 పాలు, మిగిలినవన్నీ కలిసి 3 పాళ్లు అనుకుందాం. అప్పుడు అనువంశికత నాలుగింట ఒకటి, అంటే 0.25. నా కళ్ల తడబాటు ఇంకో 1 పాలు విస్తృతి చేర్చిందంటే అది ఐదింట ఒకటికి, 0.20కి పడిపోతుంది. చెట్ల జన్యువుల్లో ఏ మార్పూ రాలేదు. నేలలో రాలేదు. మారింది చూసిన మనిషి ఒక్కడే. అనువంశికతను జాతి లక్షణమన్నట్టు, రేడియేటా నిటారుతనానికి ఇంత అని పట్టికల్లో చదువుతూ వచ్చిన నాకు, అది ఈ తోట, ఈ వయసు, ఈ కళ్లు అన్నీ కలిసి ఇచ్చే సంఖ్య అని ఈ రోజు కాగితం మీద కనిపించింది.

రెండు నియమాలు పెట్టుకున్నాము. మార్కుల పని పొద్దున ఏడింటికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆపాలి. ఆ తరువాత లావు మాత్రమే కొలవాలి. ఒక బ్లాకును ఎవరు మొదలుపెడితే వారే ముగించాలి. రెండోది మరీ ముఖ్యం. ఒక బ్లాకులో 80 కుటుంబాలూ ఒక్కొక్క చెట్టుతో ఉంటాయి కాబట్టి, ఆ బ్లాకు మొత్తాన్ని ఒకే మనిషి చూస్తే, అతను పిసినారి అయినా దాత అయినా అన్ని కుటుంబాలకూ సమానంగానే అన్యాయం జరుగుతుంది, బ్లాకు సగటు తీసేస్తే అది పోతుంది. మధ్యలో మనిషి మారితే ఆ లెక్క చెడుతుంది. ఇప్పటికే మూడు బ్లాకుల్లో, 11, 12, 26లలో, మేము మధ్యలో మారాము. వాటిని ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను.

డిసెంబరు 9

బ్లాకు 17, ఐదో వరుస. ఈ వరుస నాకు రెండు రోజులు తిన్నది.

మూడో ఏట తీసిన ఎత్తు కొలతల ఫైలును మా కొత్త ఫైలుతో జత చేస్తుండగా, ఆ వరుసలో పదో స్థానం పాత ఫైలులో చనిపోయినట్టు కనిపించింది. మా ఫైలులో అదే స్థానంలో 231 మిల్లీమీటర్ల చెట్టు ఉంది. చచ్చిన చెట్టు ఐదేళ్లలో అంత లావెక్కదు. కొలతలు రాసుకున్న కాగితాన్ని తిప్పి చూశాను. పది చెట్లు, పది అంకెలు, ఎక్కడా కొట్టివేత లేదు. ఇక తోటకే వెళ్లాను.

వరుస పొడవునా టేపు పరిచి కొలిస్తే సంగతి తెలిసింది. నాటిన చెట్లు మూడేసి మీటర్ల దూరంలో ఉన్నాయి. మూడో చెట్టుకు, నాలుగో చెట్టుకు మధ్య, వరుస గీతకు మూరెడు పక్కగా, ఇంకో పైన్ ఉంది. అది ఎవరూ నాటినది కాదు, పడి మొలిచినది. ఈ నేలలో పరీక్ష తోటకు ముందు ఒక పంట పైన్ పెరిగి నరికివేతకు పోయింది. రేడియేటా కాయలు ఏళ్ల తరబడి జిగురుతో మూసుకుని కొమ్మలకే ఉండి, వేడి తగిలినప్పుడు విచ్చుకుంటాయి. నరికాక నేల మీద పడిన రెమ్మల్లో అవి ఎండకు తెరుచుకుని గింజలు రాల్చాయి. వాటిలో ఒకటి మన పిల్లల మధ్య చేరి, వాళ్లతో సమానంగా పెరిగింది. పదో చెట్టు చనిపోవడం, మధ్యలో ఇది చేరడం, రెండూ కలిసి వరుస లెక్కను పదికి సరిచేశాయి. ఫలితంగా నాలుగు నుంచి పది వరకు ఏడు స్థానాల్లో ఏ చెట్టుకూ దాని సొంత కుటుంబం పేరు లేదు.

పాత ఫైలులో చనిపోయినవన్నీ తీసి మా ఫైలుతో పోల్చితే ఇలాంటి వరుసలు మరో మూడు బయటపడ్డాయి. నాలుగూ సరిచేశాను. ఇలాంటి తప్పు పైకి కనిపించదు, కొలతలన్నీ నిజమైనవే. తప్పల్లా ఒకరి బిడ్డను ఇంకొకరి ఇంటి పేరుతో పిలవడంలో ఉంది. అలా కలిసినప్పుడల్లా కుటుంబాల మధ్య తేడా కొంత కరిగిపోతుంది, అనువంశికత కిందికి జారుతుంది, మనమేమో ఈ గుణం పెద్దగా వారసత్వంగా రాదని రాసుకుంటాము.

డిసెంబరు 27

సెలవులు. ఒంగోలు పక్కన మా ఊరికి ఫోన్ చేశాను. తీరపు ఇసుక నేలలో మా నాన్న సరుగుడు వేస్తారు.

"ఏమ్మా, చెట్లకు మార్కులేసే ఉద్యోగమంటగా? మన సరుగుడుకు ఎన్ని వేస్తావు?" అన్నారు.

గాలి వైపు గట్టున ఉన్నవాటికి 3, లోపలివాటికి 7 అన్నాను. "మరి ఆ వంకర గాలిది గదా, చెట్టుకెందుకు తక్కువేయడం?" అని ఆయన అడిగారు. రెండు నెలలుగా నేను కుస్తీ పడుతున్న ప్రశ్న అదే. గట్టు మీదా లోపలా రెండు చోట్లా ఒకే విత్తనం వేసి ఉంటేనే చెప్పగలం నాన్నా అన్నాను. ఆయన నవ్వి, కర్రలు కొనేవాడికి ఆ కథలక్కరలేదన్నారు.

జనవరి 14

చనిపోయినవి, పడి మొలిచినవి తీసేశాక 2,160 చెట్లు మిగిలాయి. సగటున కుటుంబానికి 27. మొదటి నమూనా, అంటే కుటుంబం వాటాను, బ్లాకు వాటాను విడదీసే గణాంక లెక్క, నడిపాను.

దీని వెనుక తర్కం సులువైనది. తల్లి తన జన్యువుల్లో సగం ఇస్తుంది. తండ్రులు వేరైన తోబుట్టువుల మధ్య పోలికగా కనిపించేది సంకలిత జన్యు విస్తృతిలో, అంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే తేడాలో, పావు వంతు. కుటుంబాల మధ్య తేడాల నుంచి ఆ పావు వంతును రాబట్టి, నాలుగుతో గుణించి, మొత్తం విస్తృతితో భాగిస్తే అనువంశికత వస్తుంది. నాలుగుతో గుణించడంలోనే ప్రమాదం ఉంది, కుటుంబ విస్తృతిలో దొర్లిన చిన్న పొరపాటు నాలుగింతలై బయటపడుతుంది. పైగా గాలి పుప్పొడిని న్యాయంగా పంచదు. ఒకే పొరుగు చెట్టు ఎక్కువ గింజలకు తండ్రి కావచ్చు, కొన్ని గింజలు తల్లి సొంత పుప్పొడితోనే పట్టి ఉండవచ్చు. అందువల్ల చాలామంది నాలుగుకు బదులు మూడుకు దగ్గరి సంఖ్య వాడతారు. నేనూ మూడే వాడాను.

వచ్చిన అంకెలు ఆశ్చర్యపరచలేదు. రేడియేటాలో వ్యాసానికి అనువంశికత సాధారణంగా 0.1, 0.3 మధ్య తిరుగుతుంది. నిటారుతనం దానికి సమానంగానో కొంచెం పైనో ఉంటుంది. కొమ్మల అలవాటు ఇంకా పైన. మా తోట కూడా ఆ పరిధిలోనే ఉంది. ఇంత చిన్న అంకెలతో ఏం సాధిస్తారని కొత్తవారు అడుగుతారు, నేనూ ఒకప్పుడు అడిగాను. పావు వంతు లెక్కతోనే చూద్దాం: అనువంశికత 0.2 అయినప్పుడు ఒక్క చెట్టును చూసి దాని జన్యు విలువ చెప్పబోతే, మన అంచనాకు, నిజానికి మధ్య సహసంబంధం (రెండూ పూర్తిగా కలిసి నడిస్తే 1) 0.45 మాత్రమే. అదే తల్లికి 27 మంది పిల్లలు 27 బ్లాకుల్లో ఉంటే, వాళ్ల సగటును బట్టి తల్లి విలువ చెప్పినప్పుడు అది 0.77కు చేరుతుంది. ఒక పిల్లవాడికి మంచి నేల దక్కి ఉండవచ్చు. ఇరవై ఏడుగురికీ దక్కదు.

లాభం మాటకొస్తే, వ్యాసంలో చెట్టుకూ చెట్టుకూ ఉండే వైవిధ్యం సగటులో 15 శాతం అనుకుని, పదింట ఒక చెట్టును దాని సొంత లావును బట్టే ఎంచుకుంటే ఎంపిక తీవ్రత, అంటే ఎంచుకున్నవి సగటుకు ఎంత పైన ఉన్నాయో చెప్పే అంకె, 1.755. దాన్ని 0.2తో, 15తో గుణిస్తే తరువాతి తరానికి 5.3 శాతం. అనువంశికత 0.1కి పడితే 2.6 శాతం. బ్లాకు 17లో ఆ వరుస కోసం రెండు రోజులు ఎందుకు పోగొట్టుకున్నావని అడిగినవారికి ఈ రెండు అంకెలూ చూపిస్తాను.

జనవరి 23

తోట పటం మీద శేషాలను, అంటే నమూనా వివరించలేక మిగిల్చిన తేడాలను, రంగులుగా వేశాను. బ్లాకు 22 దిగువ భాగం, 23 ఎగువ భాగం కలిసి ఒక పెద్ద ఎర్ర మరక. అక్కడికి వెళ్లి చూస్తే పళ్లెం లాంటి పల్లం. కాయింగరోవా తేలికపాటి బూడిద, ప్యూమిస్ రాళ్ల నేల; నీళ్లలో వేస్తే తేలే రాళ్లవి. ఈ పీఠభూమి మీద నిర్మలమైన రాత్రుల్లో చల్లగాలి బరువెక్కి పల్లాల్లోకి దిగి నిలుస్తుంది, కాలం కాని కాలంలో కూడా మంచు కురిసి లేత చిగురును కాల్చేస్తుంది. మొనచిగురు పోతే పక్క కొమ్మలు రెండు పోటీపడి పైకి లేస్తాయి, చెట్టు చీలుతుంది. మనం వేసిన బ్లాకు గీతలు పల్లానికి తెలియవు, అది రెండు బ్లాకుల మధ్య తన దారిన పడి ఉంది.

బ్లాకు సగటు తీసేయడం ఇక్కడ చాలదు. పక్కపక్క చెట్ల శేషాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయని, దూరం పెరిగే కొద్దీ ఆ పోలిక తగ్గుతుందని వరుసల వెంబడి, నిలువు గీతల వెంబడి నమూనాకు చెప్పాను. లావులో శేష విస్తృతి గణనీయంగా తగ్గింది, కుటుంబాల వరుసలో పది పన్నెండు స్థానాలు మారాయి. నిటారుతనంలో ఈ సవరణ పెద్దగా ఏమీ చేయలేదు. ఇది ఇతర తోటల అనుభవంతో కలిసే మాటే: వేర్వేరు ప్రాంతాల తోటలను పోల్చినప్పుడు లావులో కుటుంబాల వరుస తారుమారవుతుంది కాని, రూపంలో ముందున్న కుటుంబం చాలావరకు అన్నిచోట్లా ముందే ఉంటుంది. నేల చెట్టుకు లావు ఇస్తుంది, వంకరలో దాని వాటా తక్కువ. గాలికి ఒరగడం, మంచుకు చీలడం వేరే సంగతి.

ఫిబ్రవరి 6

పరీక్ష తోట దారికి అవతల ఒక మామూలు తోట ఉంది. మధ్యాహ్నాలు అటు నడుస్తాను. దానిలో ఒక సగం విత్తన మొక్కలతో, రెండో సగం కొమ్మ కత్తిరింపులతో వేశారు. రెండూ ఒకే సంకరపు విత్తనం నుంచి వచ్చినవే, కాని నాలుగేళ్ల తల్లి మొక్కల నుంచి తీసిన కత్తిరింపుల సగం చూడగానే వేరుగా తెలుస్తుంది: కాండాలు ఎక్కువ నిటారు, కొమ్మలు సన్నం, చీలికలు తక్కువ, లావు కొంచెం వెనుకబాటు. కత్తిరించిన కొమ్మ తన వయసును మరిచిపోదు. కొత్త వేర్లు వేసుకుని చిన్న మొక్కగా నిలబడినా, దాని మొనచిగురు పెద్ద చెట్టులాగే ప్రవర్తిస్తుంది. జన్యువులు ఒకటే, రూపం వేరు.

నాకు ఇది కంట్లో నలుసులా అయింది. పరీక్ష తోటలో ఎవరైనా కొన్ని కుటుంబాలను కత్తిరింపులుగా, కొన్నింటిని విత్తన మొక్కలుగా నాటి ఉంటే, మా నమూనా ఆ తేడానంతా పుట్టుక ఖాతాలో జమచేసి ఉండేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. నర్సరీ రికార్డులు తెప్పించి చూశాను. అన్నీ విత్తన మొక్కలే, ఒకే శీతకాలంలో నాటినవే.

ఫిబ్రవరి 20

ఎంపికలో ముందుకొచ్చిన కుటుంబాల నుంచి కలప నమూనాలు తీస్తున్నాము. 5 మిల్లీమీటర్ల బోలు బరమాతో బెరడు నుంచి నడిబొడ్డు దాకా తొలిచి, పెన్సిల్ లాంటి పుల్లను బయటికి లాగుతాము. తాజా పుల్ల జిగురు వాసనతో వేళ్లకు అంటుకుంటుంది. వేసవి చివర, శరత్కాలంలో పడిన ముదురు గీతలు, వసంతంలో పడిన లేత పట్టీలు దాని మీద లెక్కపెట్టవచ్చు. దాన్ని గొట్టంలో పెట్టి చెట్టు నంబరు రాయడం మరిచిపోతే ఆ పుల్ల పళ్లు కుట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

సాంద్రత రూపానికి పూర్తిగా విరుద్ధమైన గుణం. ఎవరు కొలిచినా ఒకటే వస్తుంది, అనువంశికత 0.5 దాటుతుంది, తక్కువ చెట్లతోనే కుటుంబాల తేడా తేలిపోతుంది. అయితే దానికి, లావుకు మధ్య జన్యు సహసంబంధం వ్యతిరేకం. రేడియేటాలో అది −0.4 దరిదాపుల్లో ఉంటుంది. అంటే లావును మాత్రమే చూసి తరాల తరబడి ఎంచుకుంటూ పోతే కలప తేలికవుతూ పోతుంది. ఎదుగుదల, రూపం అనే రెండక్షరాల రేటింగుతో వచ్చిన చిక్కు కూడా ఇదే. ఆ ఒక్క అంకె తోట యజమానికి సౌకర్యంగా ఉండేది, కాని కలప సంగతి దానిలో కనిపించేది కాదు. 1990ల చివర దాన్ని విడగొట్టి, ఎదుగుదల, నిటారుతనం, కొమ్మలు, సాంద్రత, ఆకుమచ్చ తెగులు నిరోధం వంటివాటికి వేర్వేరు అంకెలు ఇవ్వడం మంచిదైంది. నా దృష్టిలో ఆ మార్పు ఇంకా ముందే రావలసింది. తోటలను 28 ఏళ్ల దగ్గర నరికేసే దేశంలో, లేత నడిబొడ్డు కలప బలహీనత ఇల్లు కట్టేవాడి దాకా వెళ్తుంది.

కొమ్మల అలవాటు మాత్రం అదృష్టవశాత్తు మనతో సహకరిస్తుంది. ఏడాదికి అనేక చుట్లు కొమ్మలు వేసే కుటుంబాలే సాధారణంగా నిటారుగా ఉంటాయి, చీలవు, లావు కూడా బాగా ఎక్కుతాయి. మా తోటలోనూ ఆ మూడూ కలిసే నడిచాయి. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది: కొమ్మ కొమ్మకూ ముడి పడుతుంది, చుట్ల మధ్య ముడి లేని పొడవైన చెక్క దొరకదు. అలాంటి చెక్క కావలసిన వడ్రంగి పనుల కోసం ఇక్కడివారు ఏడాదికొక్క చుట్టు వేసే వంశాన్ని విడిగా పెంచిన కాలం కూడా ఉంది.

మార్చి 12

నాలుగు గుణాలనూ కలిపి ప్రతి చెట్టుకూ ఒకే అంకెగా సూచిక వేశాను. మొదటి ముప్ఫై చెట్లలో పదకొండు ఒకే కుటుంబానివి. వాటినన్నిటినీ ఉంచుకుంటే రేపటి విత్తన తోటలో తోబుట్టువులు తోబుట్టువులతో సంకరమై గింజలు బలహీనపడతాయి. కాబట్టి కుటుంబానికి మూడు చెట్లకు మించకూడదని హద్దు పెట్టి జాబితా మళ్లీ రాశాను. దీనితో సూచిక సగటు కొంచెం తగ్గింది, తగ్గనీ.

మొదటి స్థానం చెట్టు బ్లాకు 9లో ఉంది. దాన్ని చూడటానికి నేను, పెద్దాయన వెళ్లాము. 268 మిల్లీమీటర్లు, నిటారుతనం 8. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూసి, తొమ్మిదో మీటరు దగ్గర వేలు చూపించారు. అక్కడ కొత్తగా ఒక చీలిక మొదలైంది, నవంబరులో లేదు. కుటుంబం మంచిదే, చెట్టు కూడా మంచిదే, మొనచిగురుకు ఈ వేసవిలో ఏదో జరిగింది. అది వారసత్వమో ప్రమాదమో ఈ ఒక్క చెట్టు చెప్పలేదు. దాని 25 మంది తోబుట్టువుల చీలిక మార్కులు తిరగేశాము, ఇద్దరికి మాత్రమే ఉంది. జాబితాలో ఉంచాము.

రెండో స్థానం చెట్టు కుటుంబం గురించే నాకు సందేహం. ఆ కుటుంబం సూచికలో పైకి లేచింది నిటారుతనం వల్ల. దానికి 9 పడిన చెట్లు రెండు, 11, 26 బ్లాకులలో ఉన్నాయి, మేము మధ్యలో మనిషి మారిన బ్లాకులవి. అంటుకొమ్మలు కోసేది జూలైలో కాబట్టి సమయముంది. రేపు పొద్దున ఏడింటికి పాత మార్కులు ఇంట్లో వదిలి, 11, 12, 26 మూడూ నేనొక్కదాన్నే మొదటి నుంచి చూస్తాను. బ్లాకుకు ఒక పొద్దు చొప్పున మూడు రోజులు పడుతుంది.